మూడో ప్రశ్న

మా అమ్మకి నూటికి తొంభై నాలుగొచ్చిందని ల్యాబులో అందరికీ కాజాలు పంచాను. ఆ కాజాలు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అవి పరీక్ష మార్కులు కావు. ‘పురిటిల్లు’ అనే ఊళ్లో మా అమ్మకి దొరకబోయే ఆదరణ. లెక్కకట్టిన యంత్రం మా ల్యాబుది. అందులో ఆదరణని కొలిచే భాగం రాసింది నేను. నా పేరు ఎస్తేరు.

ఊరంటే నిజం ఊరు కాదు, ఫోన్లో ఊరు. ఒకప్పుడు జనం కబుర్లన్నీ నాలుగు పెద్ద కంపెనీల గుప్పిట్లో ఉండేవి. అవి కూలిపోయాక కబుర్లు చిన్నచిన్న ఊళ్లయ్యాయి. ఎవరి ఊరిని వాళ్లు తమ కంప్యూటర్ మీద నడుపుకుంటారు, ఎవరి కట్టుబాట్లు వాళ్లవి. ఒక ఊళ్లో కాపురముండి మిగతా ఊళ్లన్నిటితో మాట్లాడొచ్చు. కాకపోతే ఆ ఊరి పెద్దలు నీ మొహాన తలుపెయ్యకుండా ఉండాలి. తెలుగు ఊళ్లే ముప్పై వేలు దాటాయి. తనకి సరిపడేది ఏదో తెలియక, పిల్లి పిల్లల్ని ఏడిళ్లు తిప్పినట్టు జనం మూటాముల్లే సర్దుకుని తిరిగారు. తిరిగిన చోటల్లా దెబ్బలు తిన్నారు.

అందుకే గుంటూరులో మా ల్యాబు ‘నీడ’ని తయారుచేసింది. మీరు అరగంటసేపు మాట్లాడితే చాలు. మీ మాటతీరు, మీ నవ్వు, మీరు జంకే చోటు అన్నీ పట్టుకుని అది మీలాంటి ఒక నీడని చేస్తుంది. ప్రతి ఊరికీ మా దగ్గర ఒక నకలు ఉంది, ఆ ఊరివాళ్ల పాత మాటలన్నీ పోసి అల్లింది. ఆ నకలు ఊళ్లో మీ నీడ ఏడాదిపాటు కాపురం చేస్తుంది. మనకది తొమ్మిది నిమిషాలు. తిరిగొచ్చి నూటికి ఇన్ని అని చెబుతుంది. ముందు నీడ వెళ్లి తన్నులు తిని వస్తే, వెనక మనిషి సుఖంగా వెళ్లొచ్చునని మా నమ్మకం.

మా అమ్మ దయామణి ముప్పై రెండేళ్లు పల్లెటూళ్లలో గవర్నమెంటు నర్సుగా చేసింది. రిటైరయ్యాక నాతోనే ఉంటోంది. ఖాళీగా కూర్చోవడం ఆవిడకి చేతకాదు. అపార్ట్‌మెంటులో ఎవరికి నెల తప్పినా వాళ్ల గుమ్మంలో ప్రత్యక్షమయ్యేది. ‘పురిటిల్లు’లో పదకొండు వేలమంది ఆడవాళ్లు, సగం కడుపుతో ఉన్నవాళ్లు, సగం అనుభవం ఉన్న పెద్దవాళ్లు. అమ్మకి ఇంతకన్నా ఏం కావాలి?

రికార్డింగు రోజున ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టుకొచ్చింది, డ్యూటీకొచ్చినట్టు. అరగంటలో పదహారు కాన్పులు చెప్పింది. ఎడ్లబండిలో పుట్టిన కవలలు, బొడ్డుతాడు మెడకి చుట్టుకున్న పిల్లాడు, తనకి పని నేర్పిన సుశీలా డాక్టరమ్మ. అద్దం అవతల నిలబడి మా ప్రొఫెసర్ హైమావతి మేడమ్ కళ్లు తుడుచుకుంది. బయటికి రాగానే అమ్మ చెయ్యి పట్టుకుంది.

“ఎంత బాగా చెప్పారండీ! ఏ ఊరమ్మా మీది?”

“ఇప్పుడు గుంటూరేనండి,” అంది అమ్మ.

“అసలు ఊరు?”

“ఉద్యోగంలో అన్ని ఊళ్లూ తిరిగాం గదండీ. మా అమ్మాయి మీ గురించి ఎప్పుడూ చెబుతా ఉంటది.”

మాట ఎంత సులువుగా తప్పించిందో నేను చూశాను. చిన్నప్పటినుంచీ చూస్తున్నదే కాబట్టి పట్టించుకోలేదు. నీడ మాత్రం పట్టించుకుంది.

ఇక్కడొక సంగతి చెప్పాలి, ఎందుకంటే తప్పంతా అక్కడే ఉంది. యంత్రానికి ఆదరణ అంటే ఏంటో నేర్పాలి. ఎలా నేర్పాలో తెలియక నెలలపాటు తలలు పట్టుకున్నాం. చివరికి మేడమే దారి చూపించింది.

“చిన్నప్పుడు రైల్లో వెళ్తుంటే ఎదురు సీటు పెద్దావిడ అడిగేది. ఏ ఊరు పాపా? ఎవరి తాలూకు? మీ ఇంటిపేరేంటి? మూడో ప్రశ్న అయ్యేసరికి ‘ఓసి, మనవాళ్లే!’ అని టిఫిన్ డబ్బా తెరిచేది. ఇంత పులిహోర చేతిలో పెట్టేది. మన తెలుగువాళ్ల ఆదరణంటే అదే ఎస్తేరూ. పలకరించకుండా వదిలేస్తే పరాయి, గుచ్చిగుచ్చి అడిగితే మనవాడు.”

ఆ రైలు నేనూ ఎక్కాను. నాకు మూడో ప్రశ్న దగ్గర డబ్బా మూతపడేది. ఆవిడ కిటికీ వైపు తిరిగేది, వాళ్ల పిల్ల నా పక్కనుంచి లేచి అటు వెళ్లి కూర్చునేది. ఆ మాట అప్పుడే అనాల్సింది. అనలేదు. ఇంత చదువుకుని ప్రతిదానికీ అదే గొడవంటుందని మొహాలు పెడతారేమోనని నోరు మూసుకున్నాను. “నిజమే మేడమ్,” అని కూర్చుని రాసేశాను. ఊళ్లోవాళ్లు కొత్త మనిషిని ఒక ప్రశ్న అడిగితే మూడు మార్కులు. ఇంటిపేరు అడిగితే అయిదు. నా కడుపున పుట్టిన బుద్ధితక్కువ లెక్క అది.

అమ్మ పురిటింట్లో అడుగుపెట్టిన రోజు ఆదివారం. చర్చి నుంచి రాగానే వంట కూడా మొదలుపెట్టకుండా ఫోను పట్టుకుని కూర్చుంది. “నా పేరు దయామణి. ముప్పై రెండేళ్లు నర్సుగా చేశాను. రెండు వేలకు పైగా పురుళ్లు పోశాను. మీకు పనికొస్తానని వచ్చాను,” అని రాసింది. గంటలో నలభై పలకరింపులు. ఏ ఊరండీ? గుంటూరు దగ్గరంటే ఎక్కడ? ఊళ్లోనా, పేటలోనా? ఇంటిపేరు? మీవారి ఇంటిపేరు? దయామణి అంటే చర్చికి వెళ్తారా?

నేను పక్కన కూర్చుని, అసలు ఊళ్లో వస్తున్న మాటల్ని కూడా నా యంత్రానికి అందిస్తూ అంకె చూస్తున్నాను. తొంభై నాలుగు కాస్తా తొంభై ఏడైంది. “చూశావా అమ్మా, నెత్తిన పెట్టుకుంటున్నారు,” అన్నాను.

అమ్మ నా మొహంలోకి ఒక్క క్షణం చూసింది. “నీ మిషన్ ఖాయంగా చెప్పిందిగా?”

“చెప్పింది.”

“అయితే ఇంకెందుకు దాపరికం,” అని అన్నిటికీ ఉన్నదున్నట్టు జవాబు రాసింది. ఊరు, పేట, పుట్టింటి పేరు, అత్తింటి పేరు. నా మాట నమ్మి రాసింది.

తర్వాత ఎవరూ మాట్లాడలేదు. తిట్టలేదు. తిడితే ఫిర్యాదు చెయ్యడానికి ఒక మీట ఉంది. మాట్లాడకపోవడం మీద ఫిర్యాదుకి ఏ ఊళ్లోనూ మీట లేదు. అమ్మ రోజూ పొద్దున్నే అందరి బాధలూ చదివి జవాబులు రాసేది. అవి గోడకి చెప్పినట్టే. అదే మాట గంట తర్వాత ఇంకొకావిడ రాస్తే కింద దండం బొమ్మలే బొమ్మలు. “పోనీలేవే, మాట చేరింది గదా,” అనేది అమ్మ. నాకు ఒళ్లు మండేది. నా మీద నాకే మండేదని అప్పుడు ఒప్పుకోలేదు.

పన్నెండో రోజు నిహారిక అనే పిల్ల రాసింది. తొలిచూలు, ఏడో నెల. పాదాలూ మొహమూ వాచాయట, రెండు రోజులుగా తలనొప్పట, కళ్లముందు మెరుపులు మెరుస్తున్నాయట. ఊరి పెద్దావిడ, అందరూ రాజ్యం పిన్ని అని పిలుచుకునే ఆవిడ, “నీరు పట్టిందమ్మా, మామూలే. ఉప్పు తగ్గించి ఎడమవైపు తిరిగి పడుకో,” అంది. కింద అరవై దండాలు.

అమ్మ చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. “తల్లీ, ఇది మామూలు కాదు. బీపీ చూపించుకో. ఇవాళే, ఇప్పుడే. గుర్రపువాతానికి ముందు ఇట్టాగే ఉంటది, ఫిట్స్ వస్తాయి,” అని రాసింది. జవాబు లేదు. మళ్లీ రాసింది. రాజ్యం పిన్ని వచ్చి, “కొత్తగా వచ్చినవాళ్లు కడుపుతో ఉన్న పిల్లల్ని జడిపించకండి. మా ఇళ్లల్లో ఇలాంటి మాటలు మాట్లాడం,” అంది. అమ్మ మూడోసారి రాసింది: “నన్ను తిట్టుకోండి, పిల్లని మాత్రం ఆస్పత్రికి పంపించండి.” మూడు జవాబుల్నీ మడిచేశారు. కావాలని విప్పితే తప్ప కనపడవు. పది నిమిషాల్లో అమ్మ మీద ఊరి తలుపు పడింది. కారణం ‘మర్యాద’ అని రాశారు.

నా ఊళ్లోంచి నేను రాశాను. ‘కొత్తవారు, పరిశీలనలో ఉంది’ అని వచ్చింది. నా స్నేహితురాలి చేత రాయించాను. అదీ పరిశీలనలోనే. పిల్లది ఏ ఊరో, ఏ వీధో తెలియదు. అమ్మ ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి నడుస్తూనే ఉంది. “ఎస్తేరూ, ఇంకేదన్నా దారి చూడవే. ఫోను నంబరన్నా దొరకదా? నువ్వు ఇంజినీరువి గదే!” అని నా భుజం పట్టుకుని ఊపేసింది. ఆ ఇంజినీరు దగ్గర ఏ దారీ లేదు.

ఆ తర్వాత నాలుగో రోజు పురిటింటి గుమ్మంలో దీపం బొమ్మ పెట్టారు. నిహారికకి ఫిట్స్ వచ్చాయి, తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు, అందరూ ధైర్యం చెప్పండి అని. రాజ్యం పిన్ని అందరికన్నా ముందు రాసింది: “భగవంతుడి నిర్ణయం తల్లీ, మన చేతుల్లో ఏముంది.”

మన చేతుల్లో ఏముందట! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తొంభై నాలుగు ఎక్కణ్నుంచి వచ్చిందో తేల్చుకుందామని ల్యాబుకి వెళ్లాను. నీడ బతికిన ఏడాదిని ఎవరూ చదవకూడదని మా నియమం, అది ఆ మనిషి సొంత విషయం గనక. నియమం గంగలో కలవనీ అని తెరిచాను.

మొదటి రోజు నీడా అమ్మలాగే ఉన్నదున్నట్టు చెప్పింది. ప్రశ్నలొచ్చాయి, నా లెక్క ప్రకారం మార్కులూ పడ్డాయి. తర్వాత పదకొండు రోజులు మౌనం. పన్నెండో రోజు నీడ ఊరు విడిచిపోయింది. మనిషి అలిగి వెళ్లి మళ్లీ కొత్తగా రావచ్చు గదా అని మేమే వెసులుబాటు పెట్టాం. పదమూడో రోజు అది మళ్లీ వచ్చింది. ఈసారి దయామణి కాదు, దయామయి. ఇంటిపేరు సుశీలా డాక్టరమ్మది. ఊరు అడిగితే డాక్టరమ్మ ఊరు చెప్పింది. “అయ్యో, మనవాళ్లేనండీ!” అన్నారు. ఇక ఆ మిగిలిన మూడొందల యాభై మూడు రోజులూ పండగే. సలహాలడిగారు, సీమంతాలకి పిలిచారు, వరలక్ష్మీవ్రతం నాడు నీడ వాళ్లతో కలిసి తోరం కట్టుకుంది. నిహారిక నకలు అక్కడా కాళ్లు వాచాయంది. నీడ బీపీ చూపించుకోమంది. “దయామయి గారు చెప్పారు, వెంటనే వెళ్లు,” అంది రాజ్యం పిన్ని నకలు. ఆ ఊళ్లో ఆ బిడ్డ బతికింది.

ఆ తొంభై నాలుగు మా అమ్మది కాదు. మా అమ్మ కాకుండా పోయినందుకు ఇచ్చిన మార్కులు.

ఇంటికెళ్లి కాగితాలు అమ్మ ముందు విసిరాను. “నీ నీడ దొంగపేరు చెప్పుకుని బతికింది. దానికెవరు నేర్పారది?”

అమ్మ కళ్లజోడు పెట్టుకుని మొదటి రెండు పేజీలు చదివింది. కందిపప్పు ఏరుతున్న చేటని పక్కకి జరిపింది.

“నేనే,” అంది. “అప్పుడు నీకు నాలుగేళ్లు. కొత్త ఊళ్లో డ్యూటీ పడింది. ఇల్లు ఎవరూ ఇవ్వలా. డాక్టరమ్మ ఇంటిపేరు చెప్పా, ఇచ్చారు. రెండేళ్లు ఉన్నాం. నీక్కూడా ఆ పేరే నేర్పా. ఎవరడిగినా ఇదే చెప్పాలని పడుకునేముందు వల్లె వేయించేదాన్ని.”

“నాకు గుర్తులేదు.”

“ఎట్టా ఉంటది? ఒకరోజు ఇంటామె జామకాయ ఇచ్చి అడిగితే అసలుది చెప్పేశావు. మర్నాటికి సామాను వీధిలో ఉంది. నిన్ను కొట్టా. అదొక్కటే నేను నిన్ను కొట్టింది.”

దెబ్బ గుర్తులేదు. జామకాయలంటే నాకెందుకు పడదో ఆరోజు తెలిసింది.

“ఆ ఇంటామె పిల్లల్ని ఇద్దర్నీ ఈ చేతుల్తోనే తీశా,” అంది అమ్మ మళ్లీ చేట ఒళ్లోకి తీసుకుని. “నొప్పులొచ్చేటప్పుడు ఎవరూ ఇంటిపేరు అడగరే. బొడ్డు కోసినాక అడుగుతారు.”

మర్నాడు హైమావతి మేడమ్ గదిలో కాగితాలు పెట్టాను. ఆవిడ అంతా చదివింది. చెడ్డ మనిషి కాదు, నిజంగానే మొహం పాలిపోయింది. నిహారిక సంగతి చెబితే కళ్లనీళ్లు పెట్టుకుంది.

“మన లెక్క తప్పు మేడమ్,” అన్నాను. “మూడో ప్రశ్న ఆదరణ కాదు. కొందరికి అది తలుపు తెరవడం, మాకు తలుపెయ్యడం. పేటల నుంచి వచ్చిన ఇంకో ఇరవైమంది నీడల్ని కూడా చూశాను. మంచి మార్కులొచ్చిన పదిహేడూ పేరు మార్చుకున్నవే. నీడ పేరు మార్చుకుందంటే ఆ ఊరికి సున్నా వెయ్యాలి. ఎందుకు వేశామో అందరికీ కనపడేట్టు రాయాలి.”

“పురిటిల్లు లాంటి పెద్ద ఊళ్లకి సున్నా అంటే గోల చేస్తారు ఎస్తేరూ. వాళ్లే గదా మన యంత్రాన్ని మొదట వాడుకునేది.” ఆవిడ కాసేపు కళ్లజోడు తుడుచుకుంది. “ఇంకో పని చేద్దాం. మీవాళ్ల ఊళ్లు కూడా చాలా ఉన్నాయిగా? మీ అమ్మగారిలాంటి వాళ్లని నేరుగా అక్కడికే పంపిద్దాం. అక్కడ తొంభై తొమ్మిది వస్తుంది. ఎవరికీ బాధ ఉండదు.”

“ఎవరికి ఉండదు మేడమ్?”

“అలా అనకు. నేను నిన్నెప్పుడైనా వేరుగా చూశానా?”

“మీరు చూడలేదు. ఊరికి ఒక మూల మళ్లీ పేట కట్టి, దానికి తొంభై తొమ్మిది మార్కులేసి, మమ్మల్ని అందులో పొమ్మంటున్నారు. మా తాతలకి ఎవరూ మార్కులు వెయ్యలేదు, ఊరికే పొమ్మన్నారు. మీరు సైన్సు పేరు పెట్టి పొమ్మంటున్నారు. ఆ పిల్లకి కావాల్సిన మనిషి ఆ ఊళ్లోనే ఉంది మేడమ్! తలుపేసుకుంది వాళ్లు, బిడ్డని పోగొట్టుకుందీ వాళ్లే. మా అమ్మని ఎటు పంపితే ఆ బిడ్డ తిరిగొస్తుంది?”

నా గొంతు మూడు గదుల అవతలికి వినపడిందట. వినపడనీ. సాయంత్రానికి నా రాజీనామా ఇచ్చాను. నీడ మాత్రం ఆగలేదు. నా లెక్కతోనే, ఆవిడ దిద్దుబాటుతోనే నెలలోపు బయటికొచ్చింది. లక్షలమంది వాడుతున్నారు. ఎవరి ఊళ్లో వాళ్లు సుఖంగా ఉన్నారని పేపర్లో రాశారు. ఆ పేపరు చించి పొయ్యిగట్టు తుడిచాను.

నా దగ్గరొక పాత కంప్యూటర్ ఉంటే దాన్ని ఫ్రిజ్ పక్కన పెట్టి అమ్మకి సొంత ఊరు కట్టాను. పేరు ఏం పెట్టమంటావంటే, “వేన్నీళ్లు,” అంది. ఏ పురిటింటికి వెళ్లినా తను ముందు అడిగేది అవేనట. గుమ్మం మీద కట్టుబాట్లు రాద్దామన్నాను. కులం అడగరాదు, ఇంటిపేరు అడగరాదు అని ఎర్రక్షరాల్లో పెద్దగా.

“వద్దులేవే,” అంది. “బోర్డులు చూసి మనుషులు మారితే ఆస్పత్రి గోడల మీద ఉమ్ములెందుకుంటాయి? గుమ్మంలో నేను కూర్చుంటా.”

కూర్చుంది. మొదటి నెల ఏడుగురు వచ్చారు, ఆర్నెల్లకి మూడొందలమంది. పక్క అపార్ట్‌మెంటులో వంటమనిషి కోడలు, మాచర్లలో ఒక టీచరమ్మ, ఎక్కడో అడవి పక్కన ఉండే ఆశా వర్కర్లు. మా మీద తలుపేసిన ఊళ్లు చాలానే ఉన్నాయి. ఉండనీ.

ఏడాది దాటాక ఒక మధ్యాహ్నం, అమ్మ అన్నం తిని చెయ్యి కడుక్కుంటుండగా గుమ్మంలో ఒక మాట వచ్చి పడింది. నేనే చదివాను.

“నమస్కారం. నా పేరు నిహారిక. మాది తెనాలి దగ్గర. ఊళ్లోనే, రామాలయం వీధిలో ఇల్లు.” కింద నాన్నగారి పేరు, తాతగారి పేరు. పుట్టింటి పేరు, అత్తింటి పేరు. ఆఖరికి అడక్కుండానే కులం, అందులో శాఖ. పురిటింట్లో లోపలికి రావడానికి నేర్చుకున్న పాఠమంతా అప్పజెప్పింది పాపం. అప్పుడుగానీ అసలు మాట రాయలేదు: “ఆస్పత్రిలో పడుకుని మీ మూడు జవాబులూ విప్పి చదివాను. అప్పటికే అయిపోయింది. అవి మా పెద్దవాళ్లే మడిచారని తెలుసు. మీకు ఏ మొహం పెట్టుకుని రాస్తున్నానో తెలియదు. మళ్లీ కాళ్లు వాస్తున్నాయి. నేను ఇక్కడికి రావచ్చా?”

నాలో ఏడాదిగా చల్లారనిది భగ్గుమంది. “అడుగమ్మా,” అన్నాను. “వాళ్లు నిన్ను అడిగినట్టే అడుగు. రాజ్యం పిన్నిని కూడా తీసుకురమ్మను. పేరుపేరునా క్షమాపణ చెప్పించు. అప్పటిదాకా తలుపు తియ్యకు.”

అమ్మ చీరకొంగుతో చేతులు శుభ్రంగా తుడుచుకుంది. ఫోను నా చేతిలోంచి లాక్కుంది. ఏదో గబగబా రాసి, చదువుకుని, అంతా చెరిపేసింది. కోపం నా ఒక్కదానికే ఉందని అప్పటిదాకా అనుకున్నాను నేను.

“అయ్యన్నీ నేనడిగానా తల్లీ?” అని రాసింది. “ఎన్నో నెల?”